షాదీఖానాలు చాలు, ప్రయోగశాలలు కావాలి

హైదరాబాదు పాతబస్తీ అంచున కంచన్‌బాగ్ ఉన్నది. రక్షణ పరిశోధనా సంస్థ ప్రయోగశాలలు అక్కడ ఉన్నాయి. క్షిపణులను తయారుచేసే భారత్ డైనమిక్స్ అక్కడే ఉన్నది. అందరూ మిధాని అని పిలిచే మిశ్ర ధాతు నిగమ్ కర్మాగారం కూడా అక్కడే ఉన్నది. ఇస్రో రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కు, టైటానియం మిశ్రమ లోహాలు ఈ మిధాని కొలుముల నుంచి వెళతాయి. ఆ ప్రహరీ గోడలకు ఇవతల హాఫిజ్‌బాబానగర్, సంతోష్‌నగర్, బార్కాస్ వీధులు ఉన్నాయి. ఆ వీధుల నుంచి ప్రతి ఉదయం వేలమంది ముస్లిం బాలబాలికలు సంచులు భుజాన వేసుకొని బడికి వెళుతున్నారు. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజున వారు కూడా అందరితో పాటు టీవీ ముందు కూర్చొని చప్పట్లు కొడతారు. రాకెట్లలోకి వెళ్లే లోహం తమ ఇంటికి కూతవేటు దూరంలోనే కరుగుతున్నదన్న మాట వారికి చెప్పేవారు లేరు.

గత వేసవికి ముందు ఆ పరిసరాలలోని ఒక ఉన్నత పాఠశాలకు మేము వెళ్లాము. 9వ తరగతి గదిలో నిలబడి, "యువిక అన్న పేరు విన్నవారు చేతులెత్తండి" అని అడిగాము. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అది ఇస్రో నిర్వహించే వేసవి శిక్షణ అని వివరించాము. వెనుక బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "ఉస్‌కూ కిత్తే పైసే లగ్తే సర్?" అని అడిగింది. ఎంత ఖర్చవుతుందన్నదే మన పిల్లల మొదటి ప్రశ్న. "పైసా కూడా అక్కరలేదు బేటా, రైలు ఖర్చు వారిదే, మీ అబ్బా తోడుగా వస్తే ఆయన ఖర్చు కూడా వారిదే" అన్నాము. ఆమె ముఖం వికసించింది. దరఖాస్తుకు చివరి తేదీ ఎప్పుడని అడిగింది. అది గడిచి పదకొండు రోజులైంది. "అయితే వచ్చే సంవత్సరం పంపిస్తాను" అన్నది. వచ్చే సంవత్సరం ఆమె 10వ తరగతి. యువిక 9వ తరగతి వారికి మాత్రమే. ఆ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు మాకు నోరు పెగలలేదు.

ప్రధానోపాధ్యాయుడిని అడిగితే ఆయన తన ఫోను తెరిచి చూపారు. వాట్సాప్ బృందంలో ఇంగ్లీషులో ఒక ప్రకటన వచ్చి ఉన్నది. దాని మీద మరెన్నో సందేశాలు పేరుకొని ఉన్నాయి: మధ్యాహ్న భోజనం లెక్కలు, మరుగుదొడ్ల ఫొటోలు, ఓటర్ల జాబితా పని. ఆ బడిలో గణితానికీ, భౌతిక శాస్త్రానికీ కలిపి ఉన్నది ఒకే ఉపాధ్యాయుడు. ఆ ప్రధానోపాధ్యాయుడిని మేము తప్పు పట్టలేము. తప్పు అంతకంటే పైన ఉన్నది. కొంత మన ఇళ్లలోనూ ఉన్నది.

మేము చెప్పదలచినది ఒక్కటే. అంతరిక్షానికీ, ఇంజనీరింగుకూ ద్వారం ఇంటర్మీడియట్ తర్వాత తెరుచుకుంటుందని మన సముదాయం నమ్ముతున్నది. ప్రభుత్వాలు కూడా మనలను అలాగే నమ్మిస్తున్నాయి. వాస్తవంలో ఆ ద్వారం 8, 9, 10 తరగతులలో తెరుచుకొని, ఆ తరగతులలోనే మూసుకుంటున్నది. మూసుకున్న తరువాత వచ్చి తట్టేవారిని చూసి, వీరికి ప్రతిభ చాలలేదని తీర్పు చెబుతున్నారు.

కొలిచేది బిడ్డనా, బడినా?

యువిక అంటే యువ విజ్ఞాని కార్యక్రమం. ఇస్రో 2019లో దీనిని ప్రారంభించింది. ఎంపికైన 9వ తరగతి విద్యార్థులను వేసవిలో సుమారు రెండు వారాల పాటు తన కేంద్రాలలోనే ఉంచుకొని, శాస్త్రవేత్తల చేత పాఠాలు చెప్పిస్తుంది, ప్రయోగశాలలు చూపిస్తుంది, స్వయంగా నమూనాలు చేయిస్తుంది. ఆతిథ్యమిచ్చిన కేంద్రాలలో హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం, శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం కూడా ఉన్నాయి. ప్రకటన సాధారణంగా ఫిబ్రవరిలో వెలువడుతుంది. మార్చిలో గడువు ముగుస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో దేశం మొత్తం మీద ఎంపికవుతున్నవారు సుమారు 350 మంది.

ఎంపిక ఎలా జరుగుతుందో చూడండి. ఇటీవలి ప్రకటనల ప్రకారం నూటికి 50 పాళ్లు 8వ తరగతి మార్కులకు కేటాయించారు. ఆన్‌లైన్ క్విజ్‌కు 10. విజ్ఞాన ప్రదర్శనలలో పాల్గొన్న స్థాయిని బట్టి 10 వరకు. ఒలింపియాడ్ వంటి పోటీలకు 5. ఆటల పోటీలకు 5. స్కౌట్స్, ఎన్‌సిసి వంటి వాటిలో సభ్యత్వానికి 5. మిగిలిన 15 పాళ్లు పంచాయతీ పరిధిలోని బడులలో చదువుతున్నవారికి.

ఈ లెక్కను ఇరుకు వీధిలోని ఒక నగర పాఠశాలకు అన్వయించండి. విజ్ఞాన ప్రదర్శన ఎన్నడూ జరగని బడిలో ఆ 10 లేవు. ఒలింపియాడ్ రుసుము కట్టలేని ఇంట ఆ 5 లేవు. ఆటస్థలం లేక అద్దె భవనంలో నడిచే బడిలో ఆటల 5 లేవు. ఎన్‌సిసి దళం లేని బడిలో మరో 5 లేవు. బడి నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది గనుక గ్రామీణుల 15 ఎలాగూ లేవు. అన్నీ కలిపితే 40. ఆ అమ్మాయి దరఖాస్తు నింపకముందే నూటికి 40 పాళ్లు ఆమె చేయి జారిపోయాయి. ఇందులో ఏ ఒక్కటీ ఆమె తెలివిలోని లోపం కాదు. పేరు ఆమెది పెట్టి, బడిని కొలుస్తున్నారు.

గ్రామీణ విద్యార్థులకు 15 పాళ్లు ఇవ్వడాన్ని మేము మనసారా సమర్థిస్తున్నాము. పుట్టిన చోటు వల్ల కలిగే వెనుకబాటును గుర్తించిన న్యాయమైన చూపు అది. ఆ చూపు నగరపు మురికివాడ మీద కూడా పడాలన్నదే మా వాదన. తెలుగు రాష్ట్రాల ముస్లింలలో పట్టణాలలో నివసించేవారి పాలు సాధారణ సగటు కన్నా ఎక్కువ. పాతబస్తీ, కర్నూలు, కడప, గుంటూరు, నెల్లూరు, ఆదోని, నిజామాబాద్‌ల ఇరుకు పేటలలో మన జనం పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ పేటలోని ప్రభుత్వ బడిలో చదివే రిక్షా కార్మికుని కూతురును, అదే నగరంలో ఏటా లక్షల రుసుముతో 6వ తరగతి నుంచే ఐఐటి ఫౌండేషన్ చదివే విద్యార్థిని ఒకే గాట కట్టి "పట్టణ విద్యార్థులు" అనడం ఏ న్యాయం?

8వ తరగతి దాకా ఆసరా తీసివేసి

యువిక లెక్కలో సగం 8వ తరగతి మార్కులదే. నెలకు వెయ్యి రూపాయల చొప్పున 9 నుంచి 12వ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు ఇచ్చే జాతీయ ప్రతిభా ఉపకార వేతనానికి పరీక్ష జరిగేది కూడా 8వ తరగతిలోనే. అంటే పేద విద్యార్థి భవిష్యత్తుకు 8వ తరగతి ఒక గడప. సరిగ్గా ఆ గడప దాకా మైనారిటీ పిల్లలకు ఉన్న ఊతకర్రను కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో తీసివేసింది. 1 నుంచి 8వ తరగతి వరకు మైనారిటీ విద్యార్థులకు ఇస్తున్న ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని ఆపి, 9, 10 తరగతులకు మాత్రమే పరిమితం చేసింది. విద్యా హక్కు చట్టం 8వ తరగతి వరకు ఉచిత విద్య ఇస్తున్నది గనుక ఇక ఉపకార వేతనం అక్కరలేదన్నది చెప్పిన కారణం.

ఉచిత విద్య అంటే బడి రుసుము లేకపోవడం. బస్సు ఖర్చు, గైడు, జామెట్రీ పెట్టె, ప్రాజెక్టుకు అట్ట, తీగ, బ్యాటరీ - ఇవి ఉచితం కావు. అన్నిటికంటే ముఖ్యంగా, 13 ఏళ్ల కుర్రవాడు బడికి పోతే ఆ రోజు మెకానిక్ షెడ్డులో అతనికి వచ్చే కూలి ఇంటికి రాదు. ఆ లోటును ఆ చిన్న మొత్తం పూడ్చలేదు నిజమే. కాని "నీ చదువును దేశం గుర్తుంచుకున్నది" అని ఆ ఇంటికి ఏటా ఒకసారి అది చెప్పేది. 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ కూడా ఆగిపోయింది. కింది మెట్టు, పై మెట్టు రెండూ ఒకే శీతకాలంలో విరిగాయి.

ఇది పచ్చి గాయం మీద పడిన దెబ్బ. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నలుగురిలో ఒకరు అసలు బడికి పోలేదు లేదా మధ్యలో మానేశారని తేల్చింది. దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒక్కరే ముస్లిం అని చెప్పింది. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ముస్లింల పాలు 4.6 శాతం. 2011 జనాభా లెక్కలలో మన పాలు 14.2 శాతం. అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే ఆ ఒక్క ఏడాదిలో ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థుల సంఖ్య సుమారు 1.79 లక్షలు తగ్గింది. పడిపోతున్న ఇంటికి ఆసరా పెంచవలసిన వేళ ఉన్న గుంజను పెరికినవారు, ఆ ఇల్లు ఎందుకు నిలబడలేదని అడగడం ఎంత విడ్డూరం!

కలాం గారి పటం

ఈ మాటలన్నీ చెబితే ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: "బాగా చదివితే ఎవరు ఆపుతారు? అబ్దుల్ కలాం రాలేదా?" ప్రతి బడిలో కలాం గారి పటం ఉన్నది. ఆ పటం కింద ప్రయోగశాల లేదు. అడిగినవారి నోరు మూయించడానికి మాత్రం ఆ పటం పనికి వస్తున్నది.

కలాం గారి జీవితాన్ని చదివినవారికి అది ఏమి చెబుతుందో తెలుసు. రామేశ్వరంలో ఆయన చిన్నతనంలో శివసుబ్రమణ్య అయ్యర్ అనే ఉపాధ్యాయుడు ఉన్నాడు. పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్ల మీద చెప్పి సరిపెట్టక, పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి చూపించాడు. తరువాత రామనాథపురంలో ఒక మంచి ఉన్నత పాఠశాల దొరికింది. తిరుచిరాపల్లిలో కళాశాల దొరికింది. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చినప్పుడు రుసుము కట్టలేని స్థితిలో అక్క జొహరా తన నగలు తాకట్టు పెట్టింది. ఉపాధ్యాయుడు, బడి, కళాశాల, అక్క నగలు - ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వి-3కి మరొకరు ప్రాజెక్టు డైరెక్టరుగా ఉండేవారు. కలాం గారి కథ ప్రతిభ ఒక్కటే చాలునన్న వాదానికి సాక్ష్యం కాదు. సమయానికి అందిన చేయూతకు సాక్ష్యం. పటం పెట్టినవారు ఆ చేయూతను కూడా పెట్టాలి.

రెండవ సమాధానం మన లోపలి నుంచే వస్తుంది: "ఎంత చదివినా మనకు అక్కడ ఉద్యోగాలిస్తారా?" వివక్ష లేదని మేము అనము. ఈ పత్రిక ప్రతి నెలా రాస్తున్నదే దాని గురించి. అయినా 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ణి పరిశీలించడానికి శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1కు ప్రాజెక్టు డైరెక్టరు నిగార్ షాజీ. తమిళనాడులోని సెంగోట్టై అనే చిన్న పట్టణంలో ప్రభుత్వ బాలికల పాఠశాలలో చదివి, తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలకు వెళ్లిన ముస్లిం మహిళ ఆమె. 1987లో మన శ్రీహరికోటలోనే ఇస్రోలో చేరారు. ప్రభుత్వ బడి బాగుంటే ఏమవుతుందో ఆమె చూపారు. "మనకు ఇవ్వరు" అని ఇంట్లో కూర్చున్న తండ్రి, వివక్ష చూపేవాడి పనిని తానే చేసిపెడుతున్నాడు.

ఉర్దూ అడ్డంకా?

మూడవ సమాధానం మరీ చేదైనది: "ఉర్దూ మీడియం పిల్లలు కదా, సైన్సులో వెనుకబడతారు." చరిత్ర తెలియని మాట ఇది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బోధించింది. 1929లో మొదలైన అక్కడి ఇంజనీరింగు కళాశాలలో కూడా పాఠాలు ఉర్దూలోనే సాగాయి. పుస్తకాల కోసం అనువాద శాఖనే నెలకొల్పారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా ఖగోళ పరిశోధనశాలను నెలకొల్పినది పాతబస్తీలోని ఫిసల్‌బండలో. తరువాత అది బేగంపేటకు మారి, ఆకాశ పటం తయారుచేసే అంతర్జాతీయ కృషిలో పాలుపంచుకొని, లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. నక్షత్రాలను లెక్కించే పని మొదలైన వీధిలో ఇప్పటి పిల్లలకు ఒక చిన్న దూరదర్శిని కూడా లేదంటే అందుకు భాషను నిందించి లాభమేమిటి?

అడ్డంకి భాషలో లేదు, భాషకు చేసిన ద్రోహంలో ఉన్నది. ఉర్దూ మీడియం గణిత, విజ్ఞాన ఉపాధ్యాయుల ఖాళీలు ఏళ్లతరబడి నిండడం లేదు. కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ రోస్టరులో పడి, ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో దొరకక అలాగే మిగిలిపోతున్నాయి. దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్‌ను మేము వేలెత్తి చూపడం లేదు. వారి వాటా వారికి ఇతర మాధ్యమాలలో పూర్తిగా దక్కేలా సర్దుబాటు చేసి, ఈ ఖాళీలను నింపడానికి ప్రభుత్వానికి కావలసినది సంకల్పం మాత్రమే. పై మెట్టులోనూ ఇదే తంతు. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగు, ఉర్దూ సహా 13 భాషలలో జరుగుతున్నది. దాని తరువాతి జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే. తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ 2007లో స్థాపించిన అంతరిక్ష విజ్ఞాన సంస్థలో ఇంజనీరింగు సీటు కావాలంటే ఆ అడ్వాన్స్‌డ్ ర్యాంకే ఆధారం. మొదటి గేటు తెరిచి రెండవ గేటు మూసినట్లున్నది. మన రాష్ట్రాల బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ కూడా ఆ గేటు దగ్గర పనిచేయదు. అందుకే పునాది ఉన్నత పాఠశాలలోనే పడాలంటున్నాము.

ఇక చేతి నేర్పు సంగతి. మన వీధులలో 14 ఏళ్ల కుర్రవాడు ఇంజను విప్పి బిగిస్తాడు, లేత్ మీద ఇనుము చెక్కుతాడు, వెల్డింగు చేస్తాడు. రాకెట్టు కూడా విప్పి బిగించేదే, చెక్కేదే, అతికేదే. 2020లో అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచారు. 2022 నవంబరు 18న దేశంలో మొదటి ప్రైవేటు రాకెట్టు విక్రమ్-ఎస్‌ను ఎగరవేసిన స్కైరూట్ హైదరాబాదుదే. ఇలాంటి కంపెనీలకు శాస్త్రవేత్తలతో పాటు నిపుణులైన మెషినిస్టులు, వెల్డర్లు, ఎలక్ట్రానిక్స్ సాంకేతికులు కావాలి. 10వ తరగతి తరువాత బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో నాలుగేళ్ల డిప్లొమా ఉన్నది. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి హైదరాబాదులోనూ, కడపలోనూ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. 10వ తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగు చదువులో చేర్చుకునే ట్రిపుల్ ఐటీలు బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో 2008 నుంచి ఉన్నాయి. షెడ్డులో నేర్చిన చేతికి ఈ పేర్లు తెలియవు. అతనికి ఇంజను తెలుసు. ఇంజనీరు అనే మాట తనకు వర్తిస్తుందని తెలియదు.

వధువు కాకముందు విద్యార్థిని

మైనారిటీ సంక్షేమమంటే మన పాలకుల దృష్టిలో ఏమిటో గమనించండి. ఊరూరా షాదీఖానా. రంజాన్‌లో ప్రభుత్వ ఇఫ్తార్ విందు. తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు. పేద తండ్రికి ఆ సొమ్ము ఎంత ఊరటో మాకు తెలుసు. దానిని తీసివేయమని మేము అనడం లేదు. కాని మన అమ్మాయి రాజ్యం కంటికి మొదటిసారి వధువుగానే ఎందుకు కనబడుతున్నది? అంతకుముందు అయిదేళ్ల పాటు ఆమె ఉన్నత పాఠశాలలో ఉన్నది. అప్పుడు ఆమెను చూసినవారెవరు? పెళ్లి పందిరికి చోటు చూపిన ప్రభుత్వం, సూక్ష్మదర్శినికి ఒక బల్ల ఎందుకు చూపలేదు?

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. 2016లో 71తో మొదలై 204కు పెరిగాయి. ఇది మంచి పని. దానిని మేము హర్షించాము. ఆ గురుకులాలలో ప్రతి ఒక్కదానిలో పనిచేసే ప్రయోగశాల, సొంత భవనం, ఆటస్థలం ఉన్నప్పుడు ఆ హర్షం పూర్తవుతుంది. భవనం లెక్క చూపి బోధన లెక్క దాటవేయరాదు.

మేము కోరుతున్నది

ఒకటి. యువిక, ఇన్‌స్పైర్-మానక్, జాతీయ ప్రతిభా ఉపకార వేతనం ప్రకటనలను రెండు రాష్ట్రాల విద్యా శాఖలు తెలుగు, ఉర్దూ భాషలలో అచ్చు వేసి, ప్రతి ఉన్నత పాఠశాల గోడకు అంటించాలి. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుడికి ఈ పని అప్పగించి, దానికి సమయం కేటాయించాలి. ఎందరు దరఖాస్తు చేశారో మండలాల వారీగా ప్రకటించాలి.

రెండు. యువికలో గ్రామీణ బడులకు ఇచ్చే అదనపు పాళ్లను, నోటిఫై అయిన మురికివాడలలోని ప్రభుత్వ బడులకు కూడా ఇస్రో వర్తింపజేయాలి. గ్రామాల వాటా తగ్గించకుండా సీట్లు పెంచాలి.

మూడు. 1 నుంచి 8వ తరగతి వరకు ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం పునరుద్ధరించాలి.

నాలుగు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ బడులలో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడతామన్నారు. ఉర్దూ మీడియం బడులకు, మైనారిటీలు అధికంగా ఉన్న పేటల బడులకు వాటిలో న్యాయమైన వాటా దక్కాలి. గది లేదన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించే ముందు గది కట్టించే బాధ్యత రాష్ట్రాలది.

అయిదు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయమంటున్నది. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమంటున్నది. మిధాని, భారత్ డైనమిక్స్ ప్రభుత్వ రంగ కంపెనీలు. వాటి ప్రహరీని ఆనుకొని ఉన్న బడులకంటే స్థానికమైనది మరేదీ లేదు. ఆ బడులకు ప్రయోగశాలలు, ఏడాదికొకసారి కర్మాగార సందర్శన, సెలవుల్లో వర్క్‌షాపు శిక్షణ ఇవ్వాలి. మేము దానం అడగడం లేదు; చట్టం రాసిన ప్రాధాన్యాన్ని అడుగుతున్నాము.

మన వంతు

ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు మనకు నిలవాలంటే మన వంతు కూడా మనం చేయాలి. మన సంఘాలు ర్యాంకు వచ్చిన తరువాత విద్యార్థికి శాలువా కప్పుతున్నాయి. ర్యాంకు రాకముందు ఆ బిడ్డకు రెండు వందల రూపాయల పుస్తకం కొనిచ్చినవారెవరు? వలీమా విందులో ఒక్క వంటకం తగ్గించుకుంటే ఒక బడికి సైన్సు పరికరాల పెట్టె వస్తుంది. రంజాన్‌లో జకాత్, సదఖాలు లెక్కించేటప్పుడు మన వీధిలోని పేద 8వ తరగతి విద్యార్థిని కూడా తలచుకోండి.

ఇన్‌స్పైర్-మానక్ పథకంలో ఒక్కొక్క బడి అయిదుగురు విద్యార్థుల ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన బిడ్డకు నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. ముస్లిం యాజమాన్యంలోని బడులు పట్టణ పట్టణానా ఉన్నాయి. మీ బడి నుంచి నిరుడు ఎన్ని ఆలోచనలు వెళ్లాయి? యాజమాన్యాలను మేము సూటిగా అడుగుతున్నాము. ప్రవేశాల వేళ రంగుల కరపత్రాల మీద రాకెట్టు బొమ్మ వేయడం కాదు, ఆ అయిదు పేర్లు పంపండి. ఏడాదికొక విజ్ఞాన ప్రదర్శన జరపండి. ఆ ధ్రువపత్రం ఒక బిడ్డకు యువికలో పాళ్లు తెచ్చిపెడుతుంది.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం. ఫిబ్రవరిలో ఒక జుమా నాడు నమాజు తరువాత అయిదు నిమిషాలు యువిక గురించి చెప్పించండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. చాలా ఇళ్లలో ఒక్కటే ఫోను, అదీ అబ్బా జేబులో ఉంటుంది. మస్జిద్ పక్క గదిలో ఒక కంప్యూటరు, ఇంజనీరింగు చదివే ఇద్దరు యువకులు, ఆడపిల్లల కోసం ఇద్దరు యువతులు ఒక్క ఆదివారం కూర్చుంటే మొహల్లాలోని 9వ తరగతి పిల్లలందరి దరఖాస్తులూ పూర్తవుతాయి. కంచన్‌బాగ్ కర్మాగారాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు మన మధ్య ఉన్నారు. వారిని పిలవండి, పిల్లల ఎదుట కూర్చోబెట్టండి. తల్లిదండ్రులకు ఒక్క మాట: అబ్బాయిని పంపే చోటికి అమ్మాయిని కూడా పంపండి. శిక్షణకు తీసుకువెళ్లి తీసుకువచ్చే సంరక్షకుని ప్రయాణ ఖర్చు కూడా ఇస్రో ఇస్తున్నది గనుక ఒంటరిగా ఎలా పంపాలన్న బెంగ అక్కరలేదు.

మేము కలిసిన ఆ అమ్మాయి ఇప్పుడు 10వ తరగతిలో ఉన్నది. యువిక ఆమెకు దాటిపోయింది. ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్, టూల్ డిజైన్ డిప్లొమా ఇంకా దాటిపోలేదు. వాటి తేదీలను కాగితం మీద రాసి ఆమె తండ్రి చేతికి ఇచ్చి వచ్చాము. ఆమె చెల్లెలు 8వ తరగతి. వచ్చే ఫిబ్రవరి నాటికి ఆ చిన్నమ్మాయి 9వ తరగతిలో ఉంటుంది. ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ తమ వీధిలో ఈ ఏడాది 8, 9 తరగతులు చదువుతున్న పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వారి బడికి వెళ్లి సైన్సు ప్రయోగశాల చూపించమని అడగండి. లేదంటే ఆ సంగతి మండల విద్యాధికారికి అర్జీగా రాసి, నకలు మాకు పంపండి. అర్జీలన్నీ కలిపి మేము రెండు రాష్ట్రాల విద్యా శాఖల ముందుకు తీసుకువెళతాము.